కొత్త కంప్యూటరు, కదలనంటున్న సాఫ్ట్‌వేర్

కొనేవారు అడగకుండానే తయారీ కంపెనీ తన ఫ్యాక్టరీలో కంప్యూటర్లోకి ఎక్కించి పంపే ప్రోగ్రాములను బ్లోట్‌వేర్ అంటారు. ల్యాప్‌టాప్ విజయవాడ బందరు రోడ్డులో కొన్నా, మచిలీపట్నంలో కొన్నా, ఆన్‌లైన్లో తెప్పించుకున్నా మొదటిసారి మూత తెరిచినప్పుడు కనిపించేవి దాదాపు అవే. నెలకో ఏడాదికో గడువు తీరే యాంటీవైరస్, డబ్బు కట్టమని గుర్తుచేసే ఆఫీసు ప్యాకేజీ, కంపెనీ సొంత అప్‌డేట్ ప్రోగ్రాము, స్టార్ట్ మెనూలో ఎవరూ పెట్టమనని ఆటలూ సినిమా యాప్‌లూ ఉంటాయి. ఇవి మూడు చోట్ల నుంచి వస్తాయి. కొన్ని విండోస్‌తో పుట్టినవి, కొన్ని కంప్యూటరు తయారుచేసిన కంపెనీ రాసుకున్నవి, మిగిలినవి మూడో కంపెనీ ఏదో డబ్బిచ్చి చోటు కొనుక్కున్నవి. వీటి మీద మామూలుగా వినిపించే ఫిర్యాదు సిస్టమ్ స్లో అయిందని, డిస్కు నిండిందని. అది నిజమే. తక్కువ ర్యామ్ ఉన్న చవక ల్యాప్‌టాపుల్లో ఆ భారం కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది కూడా. అయితే డిస్కు పెద్దదైతే ఆ ఫిర్యాదు తీరిపోతుంది, అసలు సమస్య తీరదు. డబ్బిచ్చి కొన్న వస్తువులో ఏం ఉండాలి, ఏం ఉండకూడదు అన్నదాని మీద ఆఖరి మాట కొన్నవారిదా, అమ్మినవారిదా? ముందే వచ్చిన ప్రోగ్రాము మంచిదా చెడ్డదా అని విచారించడం కన్నా, పొమ్మంటే పోతుందా అని అడగడమే సరైన పరీక్ష అన్నది ఈ వ్యాసం వాదన.

ఈ ప్రశ్న కృష్ణా డెల్టాకు దూరపుది కాదు. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబుల పంపిణీ ప్రారంభించారు. ఆ విడతలో 4,59,564 మంది విద్యార్థులకు, 59,176 మంది ఉపాధ్యాయులకు కలిపి 5,18,740 ట్యాబులు ఇస్తున్నామని, వాటి విలువ 686 కోట్ల రూపాయలని ప్రభుత్వం ప్రకటించింది. మరుసటి ఏడాది అదే తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో మొదలైన రెండో విడతలో ఇంకో 4,34,185 ట్యాబులు వెళ్ళాయి. ఒక ట్యాబు, అందులో ముందే ఎక్కించిన బైజూస్ కంపెనీ పాఠాలు, అవాంఛనీయమైనవి తెరుచుకోకుండా ఆపే ఒక నియంత్రణ సాఫ్ట్‌వేర్ పిల్లల చేతికి అందిన మూట. ఉద్దేశం మంచిదే. నెట్ సరిగా అందని ఊళ్ళో కూడా పాఠం వినగలగడం చిన్న మేలు కాదు. అయినా ఇదే ఉదాహరణ ఒక సంగతి స్పష్టం చేస్తుంది. యంత్రం ఆయుష్షు వేరు, అందులోని సాఫ్ట్‌వేర్ వెనకున్న కంపెనీ ఆయుష్షు వేరు. పంపిణీ మొదలై రెండేళ్ళు నిండకముందే, 2024 జూలై 16న బైజూస్ మాతృసంస్థ మీద బెంగళూరులోని కంపెనీ లా ట్రిబ్యునల్ దివాలా ప్రక్రియకు అనుమతి ఇచ్చింది. పాఠాలు మంచివా కావా అన్న చర్చ అటుంచితే, ఒక సంస్థ జాతకంతో ముడిపడిన సరుకును అంతకన్నా ఎక్కువ కాలం బతకాల్సిన యంత్రంలో పెట్టినప్పుడు, దాన్ని తీసి ఇంకొకటి పెట్టుకునే దారి మొదటి రోజునే ఉండాలి. పిల్లల చేతిలో ట్యాబుకు తాళం ఉండొద్దా అని ఎవరైనా అడగవచ్చు. ఉండాలి. కానీ ఆ తాళంచెవి బడి దగ్గరో తల్లిదండ్రుల దగ్గరో ఉండడం వేరు, ఎవరి దగ్గరుందో వాడేవారికి తెలియకపోవడం వేరు. పెద్దవాళ్ళు తమ సంపాదనతో కొనుక్కున్న ల్యాప్‌టాప్‌కు బడి చేతిలోనో తల్లిదండ్రుల చేతిలోనో తాళమన్న ఆ మొదటి న్యాయం కూడా వర్తించదు.

ఈ కథలో మొదట గొంతు నొక్కుకుపోయింది కంప్యూటరు తయారీ కంపెనీలదేనన్న సంగతి ఇప్పుడు చాలామందికి గుర్తులేదు. 1998 మే 18న అమెరికా న్యాయశాఖ, దాంతో పాటు ఇరవై రాష్ట్రాలు మైక్రోసాఫ్ట్ మీద వేసిన దావాలో ఒక ముఖ్యమైన ఆరోపణ ఇదే. విండోస్‌తో వచ్చే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ గుర్తును తెర మీది నుంచి తీసే హక్కు, మొదటిసారి ఆన్ చేసినప్పుడు నడిచే వరసను మార్చే హక్కు తయారీదారులకు లేకుండా లైసెన్సు షరతులు కట్టిపడేశాయని. 2002లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ఆ ముడి కొంత విప్పింది, వేరే కంపెనీల ప్రోగ్రాములు పెట్టుకునే స్వేచ్ఛ తయారీదారులకు దక్కింది. ఆ స్వేచ్ఛను వాళ్ళు కొనేవారి దాకా రానివ్వలేదు. లాభం సన్నగా ఉండే వ్యాపారంలో తెర మీది చోటు అమ్ముకోదగ్గ స్థలమని గ్రహించి దాన్ని అద్దెకిచ్చారు. 2008 మార్చిలో సోనీ తన వైయో ల్యాప్‌టాపుల్లో కొన్నిటికి ‘ఫ్రెష్ స్టార్ట్’ అనే సదుపాయం పెట్టి, అదనపు ప్రోగ్రాములేవీ లేకుండా ఇవ్వడానికి దాదాపు 50 డాలర్లు అడిగింది. గోల కాగానే ఆ రుసుము ఎత్తేసింది. ఆ ధరల పట్టిక ఎక్కువ రోజులు నిలవకపోయినా ఒక నిజాన్ని బయటపెట్టింది. ఖాళీగా ఉండడమే ఖరీదైన సదుపాయమని, నిండి రావడం కంపెనీ అవసరమని.

ఇక్కడిదాకా ఇది విసుగు పుట్టించే వ్యవహారం మాత్రమే. 2015 నాటికి అది ప్రమాదమని తేలింది. 2014లో అమ్మిన కొన్ని లెనోవో ల్యాప్‌టాపుల్లో సూపర్‌ఫిష్ అనే కంపెనీ ప్రోగ్రాము వచ్చింది. మనం చూస్తున్న వస్తువు బొమ్మను పోలిన సరుకుల ప్రకటనలు చూపించడం దాని పని. తాళం గుర్తున్న సురక్షిత పేజీల్లో కూడా ప్రకటనలు దూర్చడానికి అది కంప్యూటర్లో తన సొంత మూల ధ్రువపత్రాన్ని నాటింది. బ్యాంకు పేజీ నిజంగా ఆ బ్యాంకుదేనని బ్రౌజరుకు చెప్పేది ఇలాంటి ధ్రువపత్రమే. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ముద్రను పోలిన ఇంకో ముద్రను మన బీరువాలోనే పెట్టి, దానితో కొట్టిన కాగితమంతా అసలుదని మన చేతే నమ్మించడం లాంటిది ఇది. ఆ ముద్ర తాళంచెవి అన్ని ల్యాప్‌టాపుల్లోనూ ఒకటే. దాని పాస్‌వర్డ్ ‘కొమోడియా’ అని, అంటే ఆ సాంకేతికత అందించిన కంపెనీ పేరేనని, 2015 ఫిబ్రవరిలో రాబర్ట్ గ్రాహం అనే భద్రతా నిపుణుడు బయటపెట్టాడు. అంటే రైల్వే స్టేషన్ వైఫైలో పక్కన కూర్చున్నవాడు కూడా దొంగ బ్యాంకు పేజీ తయారుచేసి నిజమని నమ్మించగలడు. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది తొలగింపు సంగతి. సూపర్‌ఫిష్‌ను మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ప్రోగ్రాము పోయేది, ధ్రువపత్రం మిగిలేది. జబ్బు పోయినట్టు కనిపించి ప్రమాదం అలాగే ఉండేది. 2017 సెప్టెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో లెనోవో రాజీ కుదుర్చుకుంది, 32 రాష్ట్రాలకు 35 లక్షల డాలర్లు కట్టింది. ఇలాంటి ప్రోగ్రాములు పెట్టాలంటే ముందుగా వాడుకరి స్పష్టమైన అనుమతి తీసుకోవాలని ఆ ఉత్తర్వు చెప్పింది.

అదే 2015లో ఇంకో రెండు ఉదాహరణలు వెలుగులోకి వచ్చాయి. మొండితనం అంటే ఏమిటో వాటి దగ్గరే నేర్చుకోవాలి. నవంబరులో డెల్ ల్యాప్‌టాపుల్లో ఈడెల్‌రూట్ అనే ధ్రువపత్రం బయటపడింది. దాన్ని చేత్తో చెరిపేసినా, కంప్యూటరు తిరిగి ఆన్ చేశాక డెల్ సర్వీసుకు చెందిన ఒక ఫైలు మళ్ళీ దాన్ని తెచ్చిపెట్టేది. డెల్ క్షమాపణ చెప్పి తొలగించే పద్ధతి విడుదల చేసింది. అంతకు ముందు ఆగస్టులో లెనోవో సర్వీస్ ఇంజిన్ సంగతి తెలిసింది. ఇది డిస్కులో కాదు, మదర్‌బోర్డు మీది చిప్పులో ఉండే ఫర్మ్‌వేర్ అనే మూల సాఫ్ట్‌వేర్‌లో కూర్చునేది. విండోస్ 8తో మైక్రోసాఫ్ట్ ఒక సదుపాయం తెచ్చింది. ఫర్మ్‌వేర్‌లో ఒక పట్టికలో ప్రోగ్రాము పెడితే, ప్రతిసారి బూట్ అయ్యేటప్పుడు విండోస్ దాన్ని తీసి నడుపుతుంది. దొంగిలించిన ల్యాప్‌టాప్‌ను ఫార్మాట్ చేసినా జాడ తెలిపే ప్రోగ్రాము బతికుండాలన్నది దాని సదుద్దేశం. ఆ దారినే లెనోవో తన మామూలు ప్రోగ్రామును కూడా నడిపించింది. కొత్త డిస్కు వేసి, కొత్త విండోస్ ఎక్కించి, అంతా శుభ్రమైందనుకున్నవారికి అది మళ్ళీ ప్రత్యక్షమైంది. మాగాణిలో తుంగ పీకిన రైతుకు ఇది చెప్పక్కర్లేదు. పైన ఆకు తెగుతుంది, కింద గడ్డ నిలుస్తుంది, రెండో తడికి మళ్ళీ మొలుస్తుంది. లెనోవో ఆ తర్వాత ఫర్మ్‌వేర్ సవరణలు ఇచ్చి దీన్ని ఆపింది. ఇవన్నీ ఒకరిద్దరి పొరపాట్లు అనడానికి వీల్లేదు. 2016లో డుయో సెక్యూరిటీ సంస్థ ఏసర్, ఆసుస్, డెల్, హెచ్‌పీ, లెనోవో కంపెనీల అప్‌డేట్ ప్రోగ్రాములను పరిశీలిస్తే, బయటివాడు కంప్యూటర్ను పూర్తిగా చేజిక్కించుకోగల లోపం ప్రతి కంపెనీలోనూ కనీసం ఒకటి దొరికింది. 2019 మార్చిలో ఆసుస్ అప్‌డేట్ సర్వర్ల నుంచే కలుషితమైన ప్రోగ్రాము వెళ్ళిందని కాస్పర్‌స్కీ సంస్థ ప్రకటించింది. తాము ఎన్నుకోని ప్రోగ్రామును జనం గమనించరు, గమనించనిదాన్ని సరిచేసుకోరు. అదే ఈ లోపాలను ఇంత పెద్దవి చేసింది.

తొలగించే పద్ధతి ఆ ప్రోగ్రాము ఎంత లోతున పాతుకుందో దాన్ని బట్టి ఉంటుంది. పైపొరలో ఉన్నవి సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితా నుంచి అన్‌ఇన్‌స్టాల్ చేస్తే పోతాయి, చాలావాటికి ఇదే సరిపోతుంది. దాని కింద ఇంకో పొర ఉంది. కొన్ని స్టోర్ యాప్‌లు ఒక ఖాతాలో తీసేసినా కంప్యూటర్లో మూలప్రతి ఉంటుంది, ఇంట్లో ఇంకొకరికి కొత్త ఖాతా తెరిస్తే వారికి మళ్ళీ వస్తాయి. ఆ మూలప్రతిని తీయడానికి విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే పవర్‌షెల్‌లో ప్రత్యేకమైన ఆదేశం ఇవ్వాలి. ట్రయల్ యాంటీవైరస్‌ది ఇంకో దారి. వైరస్‌లు తనను తొలగించకుండా అది గట్టిగా పట్టుకుని ఉంటుంది, ఆ పట్టు యజమాని మీద కూడా పనిచేస్తుంది. మామూలు అన్‌ఇన్‌స్టాల్ తర్వాత మిగిలే అవశేషాలను ఊడ్చడానికి మెకాఫీ, నార్టన్ వంటి కంపెనీలే తమ సైట్లలో విడిగా తొలగింపు సాధనాలు ఇస్తాయి. యాంటీవైరస్ తీసేస్తే కంప్యూటరు దిక్కులేనిదవుతుందన్న భయం ఎక్కువమందిలో ఉంది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి డిఫెండర్ విండోస్‌లోనే ఉంది. బయటి యాంటీవైరస్ ఉన్నంతసేపు అది పక్కకు తప్పుకుంటుంది, బయటిది పోగానే తనంతట తాను పనిలోకి దిగుతుంది. గడువు తీరి కొత్త నిర్వచనాలు అందని ట్రయల్ ప్రోగ్రాము నీడలో ఉండడం కన్నా ఇది మేలు.

‘రీసెట్ దిస్ పీసీ’ అన్నీ శుభ్రం చేస్తుందని చాలామంది నమ్ముతారు. సొంత ఫైళ్ళను చెరపడానికి అది పనికొస్తుంది. కంపెనీ ప్రోగ్రాముల విషయంలో మాత్రం ఎక్కువసార్లు నిరాశే, ఎందుకంటే తయారీదారు తన సరంజామాను రికవరీ భాగంలో దాచి ఉంచుతాడు, రీసెట్ దాన్ని తిరిగి పరుస్తుంది. నిజంగా ఖాళీ విండోస్ కావాలంటే మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ తెచ్చుకుని, 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద విండోస్ తయారుచేసి, డిస్కులోని భాగాలన్నీ చెరిపి ఎక్కించుకోవాలి. లైసెన్సు పోతుందన్న భయం వద్దు. విండోస్ 8 కాలం నుంచి ల్యాప్‌టాప్ లైసెన్సు కీ మదర్‌బోర్డులోనే నిక్షిప్తమై వస్తోంది, అదే ఎడిషన్ ఎక్కిస్తే నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. ముందుగా చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ల్యాప్‌టాప్‌తో శాశ్వత ఆఫీసు లైసెన్సు వచ్చి ఉంటే, చెరపకముందే అందులో సైన్ ఇన్ చేసి ఖాతాకు కట్టుకోవాలి. వైఫై డ్రైవరు తయారీ కంపెనీ సైట్ నుంచి తెచ్చి పెన్‌డ్రైవ్‌లోనే ఉంచుకోవాలి, లేకుంటే కొత్త విండోస్ నెట్ లేక సగంలో ఆగుతుంది. కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాపుల్లో స్టోరేజీ డ్రైవరు ఇవ్వకపోతే డిస్కే కనిపించదు. విండోస్ 11 చాలాసార్లు చెప్పకుండానే డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసేస్తుంది కాబట్టి, కంప్యూటరు ఆన్ కాగానే ముందుగా నడిచే బయోస్‌లో ఏదైనా మార్చే ముందు 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోవడం తప్పనిసరి. ఆ తర్వాత కూడా ఏదైనా మళ్ళీ మొలిస్తే గడ్డ ఫర్మ్‌వేర్‌లో ఉందేమో చూడాలి. కొన్ని కంపెనీలు దాన్ని ఆపే మీటను బయోస్‌లో ఇస్తాయి.

ఇంత తతంగం ఇంట్లో చేయలేనివారు షాపుకు వెళ్ళి ఫార్మాట్ కొట్టించుకుంటారు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పకూడదు. అసలు లైసెన్సున్న విండోస్ తీసేసి, దాని చోట క్రాక్ చేసిన విండోస్ వేయించుకుంటే ఎవరో కంపెనీ పెట్టిన ప్రోగ్రాముల బదులు ఎవరో తెలియనివాడు పెట్టిన ప్రోగ్రాములు తెచ్చుకున్నట్టే. పెన్‌డ్రైవ్ మైక్రోసాఫ్ట్ నుంచి నేరుగా తయారైనదేనా అని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

ముందే వచ్చిన ప్రతిదీ పీకేయాలన్నది నా వాదన కాదు. తెలుగువారికి ఈ విషయం ప్రత్యేకంగా తెలుసు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే తెలుగు ఖతి (ఫాంటు) వచ్చింది, విండోస్ 7తో వాణి, విండోస్ 8తో నిర్మల వచ్చాయి. విడిగా ఖతి తెచ్చుకోకుండానే విండోస్ తెర మీద తెలుగు అక్షరం కనిపించడం అక్కడే మొదలైంది. 2019లో విండోస్ 10కు చేరిన తెలుగు ఫోనెటిక్ కీబోర్డు కూడా అలా వచ్చినదే. టచ్‌ప్యాడు, వేలిముద్ర, ఫ్యాను వేగం, బ్యాటరీని ఎనభై శాతం దగ్గర ఆపే ఏర్పాటు వంటివి కంపెనీ డ్రైవర్ల మీద నడుస్తాయి, వాటిని ఊడబెరికితే కంప్యూటరే కుంటుతుంది. గౌతమికీ సూపర్‌ఫిష్‌కూ తేడా ఉపయోగంలోనే ఉందనుకుంటే పొరపాటు. గౌతమి నచ్చకపోతే సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా విడుదల చేసిన మండలి, రామభద్ర, సురవరం వంటి ఖతుల్లో ఏదైనా పెట్టుకోవచ్చు, గౌతమి అడ్డు చెప్పదు, డబ్బు అడగదు, మన రాత ఎక్కడికీ పంపదు. ఆ నిశ్శబ్దమే దాని యోగ్యత. ఫైళ్ళను ఆన్‌లైన్లో దాచే మైక్రోసాఫ్ట్ సేవ వన్‌డ్రైవ్‌ను దీనితో పోల్చి చూడాలి. మొదటి సెటప్‌లో ఒక బటన్ నొక్కితే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు దాని కిందికి వెళతాయి. ఉచితంగా ఇచ్చే 5 జీబీ నిండగానే కట్టమని గుర్తుచేస్తుంది. తొలగించాలంటే ముందు బ్యాకప్ ఆపి, ఫైళ్ళు పాత చోటికి వచ్చాయో లేదో చూసుకుని, ఆ తర్వాతే తీయాలి. తొందరపడితే ఫైళ్ళు మాయమైనట్టు కనిపించి గుండె ఆగినంత పనవుతుంది.

విజయవాడ పుస్తక ప్రచురణకు, అచ్చుపనికి పేరున్న ఊరు కాబట్టి ఇంకో చిక్కు చెప్పాలి. ఇక్కడి డీటీపీ పనిలో అను ఫాంట్లు, పేజ్‌మేకర్ ఇప్పటికీ వదలని అలవాటు. చవక ల్యాప్‌టాపుల్లో కొన్ని విండోస్ ఎస్ మోడ్‌లో వస్తాయి, అందులో మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి తెచ్చుకున్నవి తప్ప వేరే ప్రోగ్రాములు ఎక్కవు. డీటీపీ చేసేవారికి అలాంటి యంత్రం పెట్టె తెరిచిన రోజునే పనికిరానిదిగా కనిపిస్తుంది. నిజానికి ఎస్ మోడ్ నుంచి బయటికి రావడం ఉచితం, స్టోర్‌లోనే ఆ వీలుంది, వచ్చాక వెనక్కి వెళ్ళడం మాత్రం కుదరదు. అను, పేజ్‌మేకర్ల అలవాటు కారణంగానే, విండోస్‌ను మొత్తంగా వదిలి లినక్స్‌కు మారమన్న సలహా ఇక్కడ అందరికీ పనిచేయదు. తెలుగు మెనూలతో స్వేచ్ఛ సంస్థ తయారుచేసిన గ్నూ/లినక్స్ ఉంది, పిల్లల కోసం బాల స్వేచ్ఛ ఉంది, సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్ ఉంది. చదువుకు, బ్రౌజింగుకు, యూనికోడ్ తెలుగు రాతకు అవి చక్కగా సరిపోతాయి, వాటిలో తీసేయలేని ప్రోగ్రాము అంటూ ఉండదు. పాత అను ఫైళ్ళ మీద బతుకుతున్న డీటీపీ సెంటరును మాత్రం ఒక్కరోజులో అటు నడవమనడం న్యాయం కాదు.

ఇప్పుడు అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ. ఈ ప్రోగ్రాముల డబ్బు వల్లనే ల్యాప్‌టాప్ చవగ్గా వస్తోంది, డెల్టాలో ఒక కౌలు రైతు కొడుకు ఇంజినీరింగ్ కోసం కొనుక్కోగలుగుతున్నాడు, ఇష్టం లేనివారు తీసేసుకోవచ్చు కదా అంటారు. ఐరోపా న్యాయస్థానం కూడా 2016 సెప్టెంబరులో సోనీ కేసులో, ముందే సాఫ్ట్‌వేర్ ఎక్కించి అమ్మడం దానంతట అదే అన్యాయ వ్యాపార పద్ధతి కాదని తేల్చింది. ఈ వాదనలో నిజం ఉంది, దాన్ని తోసేయను. కాని మూడు ప్రశ్నలకు అది జవాబు చెప్పదు. ఆ రాయితీ ఎంతో ఎవరూ బిల్లు మీద రాయరు. సూపర్‌ఫిష్ బయటపడినప్పుడు ఆ ఒప్పందం తమకు ఆర్థికంగా చెప్పుకోదగ్గదేమీ కాదని లెనోవోయే ప్రకటించింది. కంపెనీకి లెక్కలోకి రాని మొత్తంలో కొనేవారికి మిగిలేది ఎంత? పైగా నష్టం అందరికీ సమానంగా పడదు. అనుభవం ఉన్నవాడు మొదటి సాయంత్రమే అన్నీ తీసేస్తాడు. ఎర్రరంగు హెచ్చరిక చూసి భయపడి ట్రయల్‌కు డబ్బు కట్టేది మొదటి కంప్యూటరు కొన్న ఇల్లే. అంటే చవక పేరుతో వచ్చిన రాయితీని తిరిగి కడుతున్నది ఎవరి కోసం రాయితీ అన్నారో వాళ్ళే. మూడోది, తీసేసుకోవచ్చు కదా అన్న మాట నిజమైతేనే ఈ వాదన నిలుస్తుంది. ధ్రువపత్రం మిగిల్చినప్పుడు, ఫర్మ్‌వేర్‌లో దాగినప్పుడు, రీసెట్‌తో తిరిగొచ్చినప్పుడు అది నిజం కాదు. ఒప్పందంలో ఒక పక్షానికి బయటపడే దారే లేకపోతే దాన్ని రాయితీ అనలేం.

మన దేశంలో చట్టం ఈ ప్రశ్నను ఫోన్ల దగ్గర తాకింది, కంప్యూటర్ల దాకా రాలేదు. 2022 అక్టోబరు 20న కాంపిటీషన్ కమిషన్ ఆండ్రాయిడ్ కేసులో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ముందే ఎక్కించిన యాప్‌లను వాడుకరులు తొలగించుకోకుండా అడ్డుపడరాదని కూడా ఆదేశించింది. 2023 మార్చి 29న అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను నిలబెట్టింది, తొలగింపు ఆదేశాన్ని మాత్రం కొట్టేసింది. నా దృష్టిలో ఆ తీర్పులో సామాన్యుడికి దగ్గరగా వచ్చి చేజారిన ముక్క అదే. ఐరోపాలో డిజిటల్ మార్కెట్స్ చట్టం షరతులు 2024 మార్చిలో పెద్ద కంపెనీలకు తప్పనిసరి అయ్యాక అక్కడి విండోస్ వాడుకరులకు ఎడ్జ్ బ్రౌజరును కూడా తీసేసుకునే వీలు కలిగింది. మీట అదే కంపెనీ చేతిలో ఉంది, ఖండం మారితే పనిచేస్తుంది. ప్రభుత్వం కూడా ఈ పరీక్షకు అతీతం కాదు. 2025 నవంబరు 28న టెలికాం శాఖ కొత్త ఫోన్లన్నిటిలో సంచార్ సాథీ యాప్‌ను ముందే ఎక్కించాలని, దాన్ని నిలిపేసే వీలు ఉండకూడదని ఉత్తర్వు ఇచ్చింది. పోయిన ఫోనును వెతకడానికి పనికొచ్చే యాప్ అది. అయినా దేశం అడిగింది దాని ఉపయోగం గురించి కాదు, పొమ్మంటే పోతుందా అనే. డిసెంబరు 3న ఆ నిబంధనను వెనక్కి తీసుకున్నారు.

చట్టం వచ్చేదాకా చేతిలో ఉన్న బలం కొనుగోలుదే. 2011లో తమిళనాడు విద్యార్థులకు ఇచ్చిన ఉచిత ల్యాప్‌టాపుల్లో విండోస్‌తో పాటు బాస్ లినక్స్ కూడా వచ్చిందంటే అది ఎవరి దయా కాదు, టెండరులో రాసుకున్న షరతు. ఒకే విడతలో ఐదు లక్షల పైచిలుకు ట్యాబులు కొన్న రాష్ట్రానికి అంతకన్నా ఎక్కువే రాయించుకునే శక్తి ఉంది. మూడో కంపెనీల ప్రోగ్రాములు లేని విండోస్, ఫర్మ్‌వేర్ నుంచి ఏదీ నడవదన్న హామీ, పాఠాల యాప్ మార్చుకోవాల్సి వస్తే పాఠశాల విద్యాశాఖ చేతిలోనే తాళంచెవి ఉండాలన్నవి అలాంటి షరతులు. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి ఆఫీసుల్లో, కాలేజీల్లో పాత యంత్రాలు మార్చే పని ఎలాగూ ముందుకొచ్చింది. ఒక్క ల్యాప్‌టాప్ కొనే ఇంటికి టెండరు ఉండదు. డబ్బు కట్టకముందు షాపులోనే ఆన్ చేయించి యాప్స్ జాబితా తెరిపించి చూడవచ్చు. ఎస్ మోడ్‌లో ఉందా, ఆఫీసు లైసెన్సు శాశ్వతమా ట్రయలా అని అడిగి ఆ మాట బిల్లు మీద రాయించుకోవచ్చు. వద్దన్నా వదలకుండా డబ్బు కట్టమని విసిగించడం, చందా నుంచి బయటపడే దారి దాచడం వంటివి కేంద్రం 2023 నవంబరులో తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల కింద వినియోగదారుణ్ని మోసగించే పద్ధతులే. వాటి మీద ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.